కొండంతా జారుతున్నట్టు చూపిన రాడార్ పటాన్ని సరిచేసిన తీరు

సెంటినెల్-1 ఉపగ్రహ రాడార్ చిత్రాలను జతలుగా పోల్చి, కొండచరియల కదలికను గుర్తించడానికి నేను తయారుచేసిన మొదటి పటంలో, ఎత్తు పెరిగేకొద్దీ కదలిక కూడా పెరుగుతూ, కొండ మొత్తం ఒకేసారి జారుతున్నట్టు కనిపించింది. నిజమైన చరియ అలా ప్రవర్తించదు. దానికి అంచులుంటాయి, పక్క నేల నిలకడగా ఉంటుంది.

లోయలోని గాలిలో తేమ ఎక్కువ, శిఖరం వద్ద తక్కువ. రెండు తేదీల మధ్య ఆ తేమ మారితే, రాడార్ సంకేతానికి దానివల్ల కలిగే ఆలస్యం కూడా ఎత్తును బట్టి మారి, నేలే కదిలిందన్న భ్రమ కలిగిస్తుంది. ఈఆర్‌ఏ5 అనే ప్రపంచవ్యాప్త వాతావరణ దత్తాంశంతో ఆ ఆలస్యాన్ని లెక్కగట్టి తీసివేయగా పటం చాలావరకు కుదుటపడింది. మిగిలిన తేడాకు కారణం వెతకడానికే ఎక్కువ రోజులు పట్టింది: మిగతా నేల కదలికను పోల్చి కొలవడానికి నేను స్థిరమని నమ్మి ఎంచుకున్న ఆధార బిందువే కదిలే వాలు మీద ఉంది. దాన్ని గట్టి రాతి నేల మీదికి మార్చాను.

దట్టమైన అడవి ఉన్నచోట సెంటినెల్-1 వాడే సుమారు 5.5 సెంటీమీటర్ల తరంగం ఆకుల వద్దే చెదిరిపోతుంది కనుక, అక్కడ ఆకులను దాటి లోపలికి వెళ్లగల సుమారు 24 సెంటీమీటర్ల పొడవైన తరంగంతో తీసిన ఎల్-బ్యాండ్ రాడార్ చిత్రాలు వాడాను. ఉత్తర దక్షిణ దిశల్లో జరిగే కదలికను ఈ ఉపగ్రహాలు దాదాపు పట్టుకోలేవు. అందువల్ల ఆ దిశల్లో దిగే వాలులను ‘స్థిరం’ అనకుండా ‘కొలవలేనివి’గా వేరే రంగులో చూపాను.