విమానం లెక్కలు, 4వ భాగం: ఓర్వకల్లు నుంచి ఆరు వేల అడుగులకి ఎన్ని నిమిషాలు?

పోయిన భాగంలో ప్రెషర్ ఆల్టిట్యూడ్ చూశాం. ఆల్టిమీటర్‌ని (గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చూపే పరికరం) 1013 హెక్టోపాస్కల్స్ ఒత్తిడికి తిప్పితే కనబడే ఎత్తు అది. ఈరోజు లెక్క మొత్తం దాని మీదే నడుస్తుంది. ఇంకా తికమకగా ఉంటే ముందు ఆ పాఠం ఇంకోసారి చదవండి.

కర్నూలు దగ్గర ఓర్వకల్లు రన్‌వే మీద సెస్నా 172ఎన్ అనే చిన్న విమానం ఉందనుకుందాం. బరువు 2,300 పౌండ్లు, అంటే ఫుల్ లోడు. రన్‌వే దగ్గర ప్రెషర్ ఆల్టిట్యూడ్ 1,000 అడుగులని పెట్టుకుందాం. ఉష్ణోగ్రత 38 డిగ్రీలు. మే నెలలో కర్నూలోళ్లకి ఇది ఒక ఎండే కాదు, ఇంజన్‌కి మాత్రం ఎండే. మనం 6,000 అడుగులకి ఎక్కాలి.

ఈ విమానం హ్యాండ్‌బుక్‌లో క్లైంబ్ టేబుల్ తీయండి. ఏ ఎత్తుకి ఎక్కడానికి ఎంత సమయం, ఇంధనం, దూరం పడతాయో అందులో ఉంటుంది. 1,000 అడుగుల వరుసలో 1 నిమిషం, 0.3 గ్యాలన్, 2 నాటికల్ మైళ్లు అని ఉంటుంది. 6,000 వరుసలో 10 నిమిషాలు, 1.9 గ్యాలన్లు, 12 మైళ్లు. ఇవన్నీ సముద్రమట్టం నుంచి కట్టినవి. మనం 1,000 నుంచే మొదలుపెడుతున్నాం కాబట్టి ఆ వరుసని తీసేయాలి. మిగిలేది 9 నిమిషాలు, 1.6 గ్యాలన్లు, 10 మైళ్లు.

టేబులెందుకు, 5,000 అడుగుల్ని ఎక్కే వేగంతో భాగిస్తే పోదా అని చాలామంది అడుగుతారు. పోదు. 1,000 అడుగుల దగ్గర ఈ విమానం నిమిషానికి 725 అడుగులు ఎక్కుతుంది. ఆ అంకెతో భాగిస్తే ఏడు నిమిషాల లోపే అయిపోవాలి. కానీ పైకి పోయేకొద్దీ గాలి పలచబడి ఇంజన్ శక్తి తగ్గుతుంది. 6,000 దగ్గర ఎక్కే వేగం 485కి పడిపోతుంది. రెండింటి సగటు 605తో భాగిస్తే ఎనిమిది నిమిషాల పైచిలుకు వస్తుంది. టేబుల్ 9 అంటోంది, ఎందుకంటే అందులో నిమిషాలని రౌండ్ చేసి వేశారు. ఎక్కువ చూపిస్తే మనకి నష్టం లేదు, 9నే తీసుకోండి.

ఇక ఎండ సంగతి. ఈ టేబుల్ ప్రామాణిక ఉష్ణోగ్రతకి కట్టింది, 1,000 అడుగుల దగ్గర అది 13 డిగ్రీలు. మనకి 25 డిగ్రీలు ఎక్కువుంది. ప్రతి 10 డిగ్రీలకి 10 శాతం కలపమని టేబుల్ కిందే చిన్నక్షరాల్లో ఉంటుంది. పరీక్షలో మార్కులు పోయేది సాధారణంగా ఆ చిన్నక్షరాల దగ్గరే. మూడింటికీ 25 శాతం కలిపితే సుమారు 11 నిమిషాలు, 2 గ్యాలన్లు, 12.5 మైళ్లు. స్టార్ట్, టాక్సీ (నేల మీద నడపడం), టేకాఫ్‌లకి విడిగా 1.1 గ్యాలన్ ఉంది. దానికి శాతం కలపకూడదు. మొత్తం 3.1 గ్యాలన్లు, అంటే దాదాపు 12 లీటర్లు.

గాలి ఎదురొస్తే సమయం మారదు, నేల మీద దాటే దూరమే తగ్గుతుంది. ముందు కొండలున్న చోట ఆ దూరం మీద ఓ కన్నేయాలి.

అలాంటి చోటే కడప, దక్షిణాన పాలకొండలు. అక్కడ ప్రెషర్ ఆల్టిట్యూడ్ 500 అడుగులు, ఉష్ణోగ్రత 34 డిగ్రీలు అనుకుని 8,000 అడుగులకి లెక్క కట్టండి. ఆ వరుసలో 15 నిమిషాలు, 2.7 గ్యాలన్లు, 19 మైళ్లు ఉంటాయి. 500కి వరుస లేదు, సున్నాకీ 1,000కీ మధ్య సగం తీసుకోండి. మీకు సమయం 17 నిమిషాల పైన రావాలి. ఇంధనం, దూరం వచ్చే భాగంలో సరిచూద్దాం.