సోలో ఆల్బమ్ పాటల్లో అర్థం ఎలా వెతకాలి

ముందు ఆ పాటలు ఎవరు రాశారో చూడండి, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. బ్రిటిష్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ గాయకుడు డేవిడ్ గిల్మోర్ 2024లో తెచ్చిన సోలో ఆల్బమ్ 'లక్ అండ్ స్ట్రేంజ్'లో వయసు గురించి, చావు గురించి వచ్చే మాటలు విని ఇదంతా ఆయన సొంత గోడే అని తేల్చేస్తాం, కానీ వాటిలో ఎక్కువ భాగం రాసింది ఆయన భార్య, నవలా రచయిత్రి పాలీ శామ్సన్. అందుకే 'నేను' అని వచ్చిన ప్రతిచోటా గొంతు ఎవరిది, చూపు ఎవరిది అని విడివిడిగా అడగండి. 'బిట్వీన్ టూ పాయింట్స్' అయితే అసలు వేరే బ్యాండ్ పాట, పాడింది కూతురు రోమనీ.

తర్వాత రికార్డింగ్ కథ తెలుసుకోండి. టైటిల్ పాటలో వినిపించే కీబోర్డ్ 2008లో చనిపోయిన పింక్ ఫ్లాయిడ్ కీబోర్డ్ వాద్యకారుడు రిచర్డ్ రైట్‌ది, 2007లో గిల్మోర్, ఆయన ఇద్దరూ కలిసి వాయించుకున్నప్పటిది. ఇది తెలిశాక విన్నప్పుడు నాకు గొంతు పట్టేసింది.

ప్రతి లైన్లో పింక్ ఫ్లాయిడ్ పాత సభ్యుడు రోజర్ వాటర్స్‌తో గిల్మోర్‌కున్న పాత గొడవ వెతకొద్దు. అలా అనిపిస్తే పాటలోనే ఆధారం చూపించండి, దొరక్కపోతే ఇది నా ఊహ అని చెప్పేయండి. పాట మొత్తం ఒకసారి కాగితం మీద చదివి, ఆ తర్వాత వినండి, ఏ మాట దగ్గర గొంతు తగ్గిందో గుర్తు పెట్టుకోండి.