సర్వే నేర్చుకుందాం – 5వ పాఠం: క్లాసులో దొరికిన శాంపిల్

సర్వేకి 384 మంది శాంపిల్ చాలంటారు కదా, ఆ అంకె ఎక్కణ్నుంచి వచ్చిందో పోయిన పాఠంలో కనుక్కోమన్నాను. 1.96ని 1.96తో గుణించి, దాన్ని 0.25తో గుణించి, 0.0025తో భాగిస్తే 384.16 వస్తుంది (1.96 అన్నది 95 శాతం నమ్మకానికి వాడే అంకె, 0.25 అంటే 0.5 × 0.5, 0.0025 అంటే 0.05 × 0.05, అంటే అటూ ఇటూ 5 శాతం పొరపాటు). క్రెజ్సీ, మోర్గాన్ అనే పరిశోధకులు 1970లో ఇచ్చిన శాంపిల్ సైజు పట్టికలో అట్టడుగున కూర్చున్నది ఇదే. మన ఎం.ఎడ్. డిజర్టేషన్లలో మూడో అధ్యాయం తెరిస్తే చాలు, ఈ అంకె పలకరిస్తుంది. దాన్ని 400 చేసుకుని "రౌండ్ ఫిగర్ అండీ" అనడం మనకు అలవాటు. అందులో తప్పేమీ లేదు. కాకపోతే ఆ పట్టికకు ఒక షరతుంది: ప్రతి మనిషినీ విడివిడిగా, చీటీ తీసినట్టు తీయాలి. మనం అలా తీయం. క్లాసుకు క్లాసే ఎత్తుకొస్తాం. ఇవాళ ఆ సంగతి చూద్దాం.

నా భాగోతంతోనే మొదలుపెడతాను. ఎం.ఎడ్.లో నా అంశం ఇంటర్ విద్యార్థుల్లో పరీక్షల ఒత్తిడి. బంధువు ఒకాయన పనిచేసే రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీకి 400 ప్రశ్నావళులు ఆటోలో వేసుకుని వెళ్లాను. ప్రిన్సిపాల్ గారు టీ ఇప్పించి, "మంచి పిల్లల్నే ఇస్తాం మేడమ్, చక్కగా నింపుతారు" అన్నారు. అక్కడ సెక్షన్లు మార్కులను బట్టి ఉంటాయి. ఉన్న 26 సెక్షన్లలో పైనున్న పదింటిని ఇచ్చారు, ఒక్కోదాంట్లో నలభై మంది. మధ్యాహ్నం భోజనాల బెల్లు కొట్టేసరికి పని అయిపోయింది. డిజర్టేషన్లో మాత్రం "యాదృచ్ఛిక నమూనా పద్ధతిలో 400 మందిని ఎంపిక చేయడమైనది" అని రాశాను. వైవాలో ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే అప్పుడే నేర్చుకునేదాన్ని.

ముందు ప్రశ్న, తర్వాతే శాంపిల్

విద్యార్థుల్ని శాంపిల్‌గా తీసుకోవడమే నేరమన్నట్టు మాట్లాడేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. "పూర్తిగా ఒప్పుకుంటాను" నుంచి "అస్సలు ఒప్పుకోను" దాకా మనం రోజూ వాడే ఐదు గడుల లైకర్ట్ స్కేలు సంగతి చూడండి. రెన్సిస్ లైకర్ట్ 1932లో దాన్ని ప్రకటించినప్పుడు ఆయన చేతిలో ఉన్నవి ప్రధానంగా అమెరికా కాలేజీల డిగ్రీ విద్యార్థుల జవాబులే. అయినా స్కేలు నిలబడింది. ఎందుకంటే "అమెరికన్లలో ఎంతమంది ఇలా అనుకుంటున్నారు" అన్నది ఆయన ప్రశ్న కాదు. ఇంత సులువుగా వైఖరిని కొలవవచ్చా అన్నది ప్రశ్న. దానికి విద్యార్థులు సరిపోయారు.

తర్వాత మాత్రం అలవాటు ముదిరింది. మనస్తత్వశాస్త్రం చాలావరకు డిగ్రీ రెండో ఏడాది కుర్రాళ్ల శాస్త్రమైపోయిందని క్విన్ మెక్‌నెమార్ 1946లోనే దెప్పిపొడిచాడు. 2010లో హెన్రిక్, హైన్, నోరెంజాయన్ ఈ గొడవని మళ్లీ లేవదీసి, ఇలాంటి శాంపిళ్లకు "వియర్డ్" అని పేరు పెట్టారు. పాశ్చాత్య, చదువుకున్న, పారిశ్రామిక, సంపన్న, ప్రజాస్వామ్య సమాజాలవాళ్లు అని ఆ మాటకు అర్థం. వాళ్లు ఎత్తిచూపిన ఒక లెక్క ప్రకారం 2003 నుంచి 2007 దాకా ఆరు పెద్ద జర్నళ్లలో వచ్చిన అధ్యయనాల్లో పాల్గొన్నవాళ్లలో 96 శాతం మంది ప్రపంచ జనాభాలో 12 శాతమే ఉన్న దేశాలవాళ్లు. మన దగ్గర పాశ్చాత్యం లేకపోవచ్చు గానీ, జబ్బు అదే. "తెలుగు యువత" అని శీర్షికలో పెట్టి, లోపల ఒకే ఊళ్లోని రెండు కాలేజీలుంటాయి. పదో తరగతితో చదువు ఆపేసి పనికెళ్తున్న కుర్రాడూ, పెళ్లయిపోయిన అమ్మాయీ ఆ యువతలో లేరు.

కాబట్టి మీ ప్రశ్నని కాగితం మీద రాసుకుని, అది ఏ జాతిదో చూడండి. "ఎంత", "ఎంతమంది" అని అడిగే ప్రశ్నయితే అందిన విద్యార్థులతో పని జరగదు. ఎవరి గురించి చెబుతున్నారో వాళ్లందరిలోంచీ తీయాల్సిందే. "ఈ ప్రశ్నావళి పనిచేస్తుందా, వాక్యాలు పిల్లలకు అర్థమవుతున్నాయా" అన్నదయితే క్లాసుకు మించిన చోటు లేదు. మధ్యలో ఉన్నదే చిక్కు: "దీనికీ దానికీ సంబంధం ఉందా?" సంబంధాలు అందరిలో ఒకేలా ఉంటాయిలే అని ధీమాగా చెప్పేస్తారు. రాబర్ట్ పీటర్సన్ అనే పరిశోధకుడు 2001లో అనేక అధ్యయనాలు కలిపి చూస్తే, కాలేజీ విద్యార్థుల జవాబులు ఇతరుల జవాబులకంటే కాస్త ఎక్కువగా ఒకే మూసలో ఉన్నాయి. సంబంధాల బలం మారింది, కొన్నిచోట్ల దిశ కూడా తిరగబడింది. అందుకని సంబంధం చెప్పేటప్పుడు "ఈ విద్యార్థుల్లో" అన్న రెండు మాటలు వదలకండి.

పై సెక్షన్లతో వచ్చిన చేటు

నా డిజర్టేషన్లో మార్కులకూ ఒత్తిడికీ సహసంబంధం (రెండూ ఎంతగా కలిసి మారతాయో చెప్పే అంకె, సున్నా అంటే పొంతన లేదని, ఒకటి అంటే పూర్తిగా కలిసి మారతాయని) దాదాపు సున్నా వచ్చింది. "సంబంధం లేదు" అని నిబ్బరంగా తేల్చేశాను. అసలు సంగతేమిటంటే ఆ పది సెక్షన్లలో అందరివీ మంచి మార్కులే. ఎత్తుకీ బరువుకీ సంబంధం ఉందో లేదో చూడాలని బాస్కెట్‌బాల్ జట్టుని మాత్రమే నిలబెట్టినట్టయింది.

ఈ తప్పుని కళ్లకు కట్టే ఉదాహరణ రెండో ప్రపంచయుద్ధం నాటిది. అమెరికా సైనిక వైమానిక దళం పైలట్ శిక్షణకు అర్హత పరీక్షలు పెట్టేది. ఒకసారి ప్రయోగంగా, స్కోరుతో పని లేకుండా 1,036 మందిని చేర్చుకున్నారు. మామూలు కటాఫ్ దాటేవాళ్లు అందులో 136 మందే. మనస్తత్వవేత్త రాబర్ట్ థార్న్‌డైక్ 1949లో చూపిన లెక్క ఇది: అందరినీ కలిపి చూస్తే పరీక్ష స్కోరుకూ శిక్షణలో నెగ్గడానికీ సహసంబంధం 0.64. ఆ 136 మందినే చూస్తే 0.18. పరీక్ష మారలేదు, శిక్షణ మారలేదు. చూసిన మనుషులు మారారు, అంతే. ఎంట్రన్స్ ర్యాంకుకీ ఇంజనీరింగ్ మార్కులకీ సంబంధం లేదని ఎవరైనా చెబితే, సీటు వచ్చినవాళ్లనే చూశారా అని అడగండి.

మెతుకు లెక్క

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. శాంపిలింగ్ పాఠం మొదట్లో ప్రతి మాస్టారూ చెప్పే పోలిక. ఒకే కుండ, ఒకే ఎసరు, ఒకే మంట ఉంటే అది నిజం. కాలేజీలో ఒక్కో సెక్షన్ ఒక్కో కుండ. ఒకే లెక్చరర్లు, ఒకే టైమ్‌టేబుల్, వారాంతపు పరీక్షలో వచ్చిన మార్కులు చదివి వినిపించే ఒకే గొంతు. అందుకే ఒక సెక్షన్ పిల్లల జవాబులు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. ఆ పోలిక ఎంతో చెప్పే అంకెని ఐసీసీ (ఇంట్రాక్లాస్ కోరిలేషన్ కోఎఫిషియెంట్) అంటాం. సున్నా అయితే పక్కవాడి జవాబుతో పోలికే లేదు. ఒకటి అయితే నలభై మందిని అడిగినా ఒక్కరిని అడిగినట్టే. మార్కులు కొలిచేటప్పుడు ఇది తరచు 0.2 దాకా పోతుంది, వైఖరుల్లాంటివాటిలో సాధారణంగా తక్కువ.

ఇప్పుడు పెన్ను తీయండి. సూత్రం చిన్నదే: ఒక్కో సెక్షన్ నుంచి ఎంతమందిని తీశారో అందులోంచి ఒకటి తీసేయండి, ఐసీసీతో గుణించండి, ఒకటి కలపండి. నా శాంపిల్‌లో సెక్షన్‌కి 40 మంది. ఐసీసీ 0.10 అనుకుందాం. 39 × 0.10 = 3.9, ఒకటి కలిపితే 4.9. దీన్ని డిజైన్ ఎఫెక్ట్ అంటారు. సెక్షన్లకు సెక్షన్లే తీసినందుకు శాంపిల్ విలువ ఎన్నోవంతుకి పడిపోయిందో ఇది చెబుతుంది. 400ని 4.9తో భాగిస్తే 82 కూడా రాదు.

ఆటోలో మోసుకొచ్చిన 400 కాగితాల విలువ దాదాపు 82 మందిది! శాతాల్లో చెప్పాలంటే, 400 మందిని విడివిడిగా తీసినప్పుడు అటూ ఇటూ 4.9 శాతం ఉండాల్సిన పొరపాటు 10.8కి పోయింది. మనం లెక్కలకు వాడే ఎస్‌పీఎస్‌ఎస్ సాఫ్ట్‌వేర్‌కి ఇవేమీ తెలియవు. వరుసకో మనిషి ఉన్నాడనుకుని, నాలుగు వందల వరుసలూ లెక్కపెట్టి, సహసంబంధాల పట్టికలో, ఫలితం కాకతాళీయం కాదన్నట్టు, నక్షత్రాలు పెట్టి ఇస్తుంది. మనం మురిసిపోతాం.

అదే 400 మందిని పలు కాలేజీల్లోని 40 సెక్షన్లలోంచి, పదేసి మంది చొప్పున తీస్తే? 9 × 0.10 = 0.9, ఒకటి కలిపితే 1.9. 400ని భాగిస్తే 210. కాగితాల ఖర్చు అంతే, తిరుగుడు మాత్రం నాలుగింతలు. ఎక్కువమంది పిల్లలకంటే ఎక్కువ సెక్షన్లు కావాలని గైడుతో వాదించడానికి ఈ రెండు అంకెలూ చాలు.

ఒక హెచ్చరిక. ఈ లెక్క సెక్షన్లని చీటీ వేసి తీసినప్పటిది. ప్రిన్సిపాల్ గారు ఏరి ఇచ్చిన సెక్షన్లకు ఏ సూత్రమూ మందు కాదు. అప్పుడు "సౌకర్య నమూనా", అంటే అందినవాళ్లనే తీసుకున్నది, అని రాయడమే పద్ధతి. ఆ మాట రాస్తే డిజర్టేషన్ స్థాయి పడిపోతుందని భయపడకండి.

హాజరు పట్టీ ముందు కూర్చుని

ముందుగా కాలేజీలన్నిట్లోని సెక్షన్ల జాబితా రాయండి, వరుస అంకెలు వేయండి, చీటీలు తీయండి. ఎన్నికైన సెక్షన్‌కి వెళ్లి హాజరు పట్టీ అడగండి. నలభై పేర్లలో పది కావాలంటే 1 నుంచి 4 లోపు ఒక చీటీ తీయండి. 3 వచ్చిందనుకోండి, 3, 7, 11, 15 అలా 39 దాకా. కొన్ని పట్టీల్లో ముందు అమ్మాయిల పేర్లు, తర్వాత అబ్బాయిలవి ఉంటాయి. అది మనకు మేలే, ఇద్దరూ తగుపాళ్లలో వచ్చేస్తారు.

11వ నంబరు ఆ రోజు రాలేదు. పక్కనున్న 12వ నంబరుని కూర్చోబెట్టాలని చెయ్యి లాగుతుంది. వద్దు. మీరు కొలిచేది ఒత్తిడి. ఆ ఒత్తిడితోనే ఆ అమ్మాయి ఇంట్లో పడుకుందేమో. ఇంకో రోజు వెళ్లండి, దొరక్కపోతే "రాలేదు" అని రాసుకోండి. గైరుహాజరు ఎంత పెద్ద విషయమో చూడాలంటే మన దేశంలోని రెండు సర్వేల్ని పక్కపక్కన పెట్టండి. 2021 నవంబరు 12న జరిగిన నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే బడికి వెళ్లి, క్లాసులో ఉన్న పిల్లలకు పరీక్ష పెట్టింది. ప్రథమ్ సంస్థ 2005లో మొదలుపెట్టిన అసర్ సర్వే ఊళ్లోకి వెళ్తుంది. జిల్లాకు 30 ఊళ్లు, ఊరికి 20 ఇళ్లు. బడి మానేసినవాడూ, జ్వరంతో పడుకున్నవాడూ అక్కడ దొరుకుతాడు. ఒకటి బడిలో ఉన్న పిల్లల గురించి చెబుతుంది, ఇంకోటి ఊళ్లో ఉన్న పిల్లల గురించి. రెండింటినీ పోల్చి కొట్టుకునేవాళ్లు ముందు ఇది గమనించాలి.

కట్ట విప్పాక

కాగితాల్ని కలిపేయకుండా, సెక్షన్ వారీగా, బెంచీ వరుసలోనే కట్టండి. నా కట్టల్లో ఒకదాన్ని చాలా రోజుల తర్వాత విప్పి చూస్తే, వరుసగా మూడు కాగితాల్లో 1 నుంచి 30 దాకా టిక్కులు ఒకేలా ఉన్నాయి. 17వ ప్రశ్నలో కొట్టేసి దిద్దిన గుర్తు కూడా మూడింట్లోనూ అక్కడే. ముగ్గురూ ఒకే బెంచీ. ఇంకో కుర్రాడు పేజీ పొడవునా నడిగడిలో స్కేలు పెట్టి నిలువు గీత గీసేశాడు. వాడిమీద నాకు కోపం రాలేదు. ఆటల పీరియడ్ లాక్కుని కూర్చోబెట్టాం మరి.

ఇలా చదవకుండా టిక్కులు పెట్టేవాళ్లని పట్టుకోవడానికి తిరగేసిన వాక్యాలు, అంటే మిగతావాటికి ఎదురు అర్థం వచ్చేవి, పెడతాం. తెలుగులో అక్కడొక గొయ్యి ఉంది. "నేను పరీక్షలంటే భయపడను" అని రాసి, ఎదురుగా "అస్సలు ఒప్పుకోను" అని గడి పెడితే, భయపడే పిల్ల రెండు "కాదు"ల మధ్య ఇరుక్కుంటుంది. "పరీక్ష హాల్లో నా మనసు ప్రశాంతంగా ఉంటుంది" అనండి, గొడవ తీరుతుంది.

సొంత విద్యార్థుల్నే అడిగే టీచర్లకు ఒక మాట. ఇంటర్నల్ మార్కులు మీ చేతిలో ఉండగా వాళ్లు "ఇష్టం లేదు సార్" అనలేరు. కాగితాలు మీరు పంచకండి, వేరే వాళ్లతో పంచించండి, మీరు గదిలో ఉండకండి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు తల్లిదండ్రుల అంగీకారం కావాలి. దాంతోపాటు 7 నుంచి 12 ఏళ్లవాళ్ల నోటి సమ్మతి, 12 నుంచి 18 ఏళ్లవాళ్ల రాతపూర్వక సమ్మతి తీసుకోవాలి. ఆరోగ్య పరిశోధన కోసం రాసినవే అయినా, ఒత్తిడి లాంటి అంశానికి వీటిని పాటించడం మంచిది. ప్రిన్సిపాల్ సంతకం ఒక్కటే సరిపోదు.

ఈ వారం అభ్యాసం

మీ పరిధిలోని బళ్లలో 60 తొమ్మిదో తరగతి సెక్షన్లున్నాయి. మీ దగ్గర 360 ప్రశ్నావళులున్నాయి. ఐసీసీ 0.08. మొదటి దారి: 8 సెక్షన్లు, ఒక్కోదాంట్లో 45 మంది. రెండో దారి: 24 సెక్షన్లు, ఒక్కోదాంట్లో 15 మంది. రెండింటికీ డిజైన్ ఎఫెక్ట్, మిగిలే అసలు విలువ లెక్కకట్టండి.

తర్వాత మీ ఊళ్లోని ఏదైనా డిజర్టేషన్ తీసి, మూడో అధ్యాయంలో "యాదృచ్ఛిక" అన్న మాట ఉన్న వాక్యాన్ని, నిజంగా జరిగిందేమిటో తెలిసేలా తిరగరాయండి. నాది ఇలా తిరగరాశాను: "ఒక రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో, యాజమాన్యం సూచించిన, ఎక్కువ మార్కులవాళ్లుండే పది సెక్షన్లలో, ఆ రోజు హాజరైన 400 మంది." ఈ వాక్యం పక్కన పెట్టుకుని నా నాలుగో అధ్యాయంలోని ముగింపుల్ని ఒక్కొక్కటే చదివాను. పన్నెండింట్లో మూడు మిగిలాయి. మీకు ఎన్ని మిగిలాయో రాసి పెట్టుకోండి, 6వ పాఠం అక్కణ్నుంచే.