గట్టు దాటిన ఈత – 4వ పాఠం: మొసలి చూపు

పూల్ వదిలి సరస్సులో, సముద్రంలో దూరం ఈది, మంచిపనికి చందాలు పోగుచేయాలనుకునేవాళ్ల కోసం ఈ పాఠాలు. చల్లటి నీళ్లలో దిగగానే ఊపిరి ఎగబీల్చడం గురించి పోయిన పాఠంలో చెప్పుకున్నాం. మొదటి రెండు మూడు నిమిషాలు వెల్లకిలా తేలుతూ ఊపిరి కుదుటపడేదాకా ఆగమన్నాను. అది ఇంకా అలవాటు కాలేదా? ఈ పాఠం పక్కన పెట్టి అదే చేయండి.

పూల్ అడుగున నల్లగీత ఉంటుంది. దాని వెంటే పోతే తిన్నగా పోతాం. సరస్సులో, సముద్రంలో ఆ గీత లేదు. పైగా చాలామందికి ఒక చేతి బార రెండోదానికంటే బలంగా పడుతుంది, తెలియకుండానే పక్కకు ఒరిగిపోతాం. మొదటిసారి నేను బోయ్‌కి (నీళ్ల మీద గుర్తుగా తేలే బుడ్డకి) గురిపెట్టి, యాభై బారలు లెక్కపెట్టుకుని గర్వంగా తల ఎత్తితే బోయ్ నా భుజం వెనక ఉంది!

అలాగని తలంతా ఎత్తకండి, నడుమూ కాళ్లూ కుంగిపోతాయి. ముందుకు చాచిన చెయ్యి నీటిని కిందికి నొక్కుతుండగా కళ్లు మాత్రం పైకి రావాలి. నోరు నీళ్లలోనే ఉండాలి, అచ్చం మొసలిలా. చూసిన వెంటనే తల పక్కకు తిప్పి ఊపిరి తీసుకోండి. చూపూ ఊపిరీ ఒకేసారి అంటే మిగిలేది గుటకెడు నీళ్లే. ఆరు నుంచి పది బారలకోసారి చాలు. అల మీదికి లేచినప్పుడే చూడండి, పల్లంలో ఉంటే నీటిగోడ తప్ప ఏమీ కనబడదు. బోయ్ చిన్నది, దాని వెనక ఒడ్డున చెట్టో టవరో ముందే గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు చందాల సంగతి. 2006లో బ్రిటిష్ నటుడు డేవిడ్ వాలియమ్స్ ఇంగ్లండ్, ఫ్రాన్స్ మధ్య ఉన్న ఇంగ్లిష్ ఛానల్‌ను 10 గంటల 34 నిమిషాల్లో ఈది, స్పోర్ట్ రిలీఫ్ అనే చందాల కార్యక్రమానికి పది లక్షల పౌండ్లకు పైగా పోగుచేశాడు. ఛానల్ ఇరుకైన చోట సుమారు 33 కిలోమీటర్లే. కానీ ఆటుపోట్లు పక్కకు లాగేస్తాయి కాబట్టి ఈదాల్సింది అంతకంటే ఎక్కువే. మీకూ అంతే: దాతలకు 5 కిలోమీటర్లు అని చెబితే 6 ఈదగలిగేలా సాధన చేయండి.

ఇంకోటి. "పూర్తి చేస్తేనే ఇస్తాం" అనే చందా నేనైతే తీసుకోను. ఒంట్లో వేడి తగ్గేకొద్దీ బుద్ధి మందగిస్తుంది. అప్పుడు ఆ డబ్బు గుర్తొస్తే, మన వెంట కాపలాగా వచ్చే పడవ ఎక్కాల్సి వచ్చినా ఎక్కబుద్ధి కాదు. ఈదడానికి ప్రయత్నించినందుకే ఇవ్వమని అడగండి. ఆపమనే మాట పడవలో ఉన్నవాళ్లదే అని ముందే ఒప్పుకోండి.

ఈ వారం సాధన: పూల్‌లో ఖాళీ వరస చూసుకుని, గట్టు మీద ఒకరిని కాపలా పెట్టి, కళ్లు మూసుకుని పది బారలు వేయండి. ఎటు ఒరుగుతున్నారో రాసుకోండి. వచ్చే పాఠంలో పడవను ముట్టుకోకుండా తినడం, తాగడం నేర్చుకుందాం.