గుండె పాఠానికి నేను స్లైడ్లు ఎలా చేస్తానంటే

పదో తరగతికి రక్త ప్రసరణ చెప్పేటప్పుడు పవర్‌పాయింట్ నిజంగా అక్కరకొస్తుంది. రక్తం ఎక్కడ బయలుదేరి ఎక్కడికి చేరుతుందో ఒక్కో అడుగూ కదిలించి చూపించవచ్చు. నిర్వచనాలు, ప్రశ్న జవాబులు మాత్రం స్లైడులో పెట్టను. అవి బోర్డు మీద రాస్తేనే పిల్లలు నాతోపాటు రాసుకుంటారు.

పాఠ్యపుస్తకంలో బొమ్మను ఫోన్‌తో ఫొటో తీసి అతికించకండి, వెనక బెంచీవాళ్లకు అందులో పేర్లు కనపడవు. ఇన్సర్ట్‌లో షేప్స్ తెరిచి నాలుగు గదులు గీస్తే చాలు. పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. మనకు ఎదురుగా నిలబడ్డ మనిషి గుండె కాబట్టి కుడి కర్ణిక తెరమీద ఎడమవైపు వస్తుంది. అందుకే పాఠానికి ముందు ఒకరిని తెర పక్కన క్లాసుకేసి నిలబెట్టి కుడిచెయ్యి ఎత్తమంటాను. ఆ తికమక అక్కడే తీరిపోతుంది.

తర్వాత బాణాలు. ఆక్సిజన్ ఎక్కువున్న రక్తానికి ఎరుపు, తక్కువున్నదానికి నీలం. ఒక్కో బాణానికీ యానిమేషన్స్‌లో వైప్ ఇవ్వండి. ఎఫెక్ట్ ఆప్షన్స్‌లో దిశ సరిచూసుకోవాలి: కర్ణిక నుంచి జఠరికకు దిగే బాణానికి 'ఫ్రమ్ టాప్', జఠరిక నుంచి పైకి పోయేదానికి 'ఫ్రమ్ బాటమ్'. స్టార్ట్ దగ్గర 'ఆన్ క్లిక్' ఉంచండి. అప్పుడు నొక్కినప్పుడల్లా ఒక బాణం రక్తం పారే వైపే సాగుతుంది.

ఈ పాఠమంతటికీ ప్రాణం ఒక్క క్లిక్కు ముందుంది. కుడి జఠరిక దాకా నీలం బాణాలు వచ్చాక చెయ్యి ఆపేసి, "ఇప్పుడు ఊపిరితిత్తులకు రక్తం తీసుకుపోయే పుపుస ధమని. బాణం ఎరుపా, నీలమా?" అని అడుగుతాను. ధమని కదా, ఎరుపే అంటారు చాలామంది. వెంటనే జవాబు చూపించకండి. కీబోర్డు మీద 'బీ' నొక్కితే తెర నల్లబడుతుంది, వాదన పిల్లల మధ్యకు వస్తుంది. నాలుగు మాటలు వాళ్లను అనుకోనిచ్చి మళ్లీ 'బీ' నొక్కి, బాణం వదలండి. నీలం! గుండె నుంచి రక్తాన్ని బయటికి తీసుకుపోయేది ధమని, అందులో ఆక్సిజన్ ఎంతుందన్నది వేరే సంగతి అని అప్పుడు చెబితే ఇక మరిచిపోరు. ఊపిరితిత్తుల నుంచి గుండెకు రక్తం తెచ్చే పుపుస సిరల దగ్గరా ఇంతే, అక్కడ ఎరుపు వస్తుంది. ఒంట్లో నీలం రక్తం ఉండదనీ, ఆక్సిజన్ తగ్గితే ముదురు ఎరుపుగా ఉంటుందనీ స్లైడు అడుగున తప్పక రాయండి.

అక్షరాలు 32 సైజుకు తగ్గకూడదు. నిర్మలా యూఐ ఫాంటు వాడండి, విండోస్‌లో ఉంటుంది. వత్తులు కింది వరుసకు తగలకుండా లైన్ స్పేసింగ్ కాస్త పెంచండి. పాత డీటీపీ ఫాంట్లలో ఉన్న మేటర్ తెచ్చి అతికిస్తే, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పిచ్చి అక్షరాలు వస్తాయి. అన్ని కంప్యూటర్లలోనూ ఒకేలా చదవగలిగే యూనికోడ్‌లో టైపు చేసుకోవడమే నయం.

పెన్‌డ్రైవ్‌లో వేరే గదికి తీసుకెళ్లేటట్లయితే పీడీఎఫ్ కూడా ఉంచుకోండి. పీడీఎఫ్‌లో యానిమేషన్ పనిచేయదు గనక, కంట్రోల్ పట్టుకుని 'డీ' నొక్కి స్లైడుకు నకళ్లు చేసి, ఒక్కోదానిలో ఒక్కో బాణం పెంచుకుంటూ పోవాలి.

చివరగా బాణాలు లేని ఉత్త గుండె స్లైడును ప్రింటు తీసి పంచండి. ఎరుపు, నీలం పెన్నులతో దారి వాళ్లే గీస్తారు. పుపుస ధమనికి ఏ రంగు వేశారో ముందు చూడండి.