గుట్టమీది రేడియో లింక్ తెగకుండా ఎలా బిగించాలి?

అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో ఫైబర్ లాగలేని పల్లెలకు నెట్ ఇవ్వాలంటే చిన్న ఆపరేటర్లకు 5 గిగాహెర్ట్జ్ రేడియోలే దిక్కు. లింక్ పడిపోగానే చాలామంది రేడియో మార్చేస్తారు. తప్పు బిగింపులో ఉంటే కొత్త రేడియో కూడా ఎక్కువ కాలం నిలవదు. కేబుల్లో దిగిన నీరు, అరకొర ఎర్తింగు, ఎండకు ఉడికిన బ్యాటరీ, గాలికి తిరిగిన క్లాంపు, ముందు వీటినే అనుమానించాలి.

1. ముందు లెక్క వేయండి

అవతలి గుట్ట కంటికి కనబడితే చాలదు. 5 కిలోమీటర్ల లింకుకు నడిమధ్యలో సూటిగీత చుట్టూ 8 మీటర్ల మేర తరంగాలకు చోటు కావాలి. అందులో కనీసం 60 శాతం, అంటే గీత నుంచి అన్నివైపులా 5 మీటర్లు, ఖాళీగా ఉండాలి. మోడుగా ఉన్న చెట్టును చూసి దారి ఖాళీ అనుకోవద్దు, అది గుబురెక్కాక ఎంత పెరుగుతుందో చూడండి. ఉరవకొండ, బెళుగుప్ప వైపు గాలిమరల రెక్కలు దారికి అడ్డొస్తే సిగ్నల్ ఊగుతూనే ఉంటుంది.

తర్వాత రావలసిన సిగ్నల్ ఎంతో లెక్కగట్టండి. 5725–5875 మెగాహెర్ట్జ్‌లో లైసెన్సు అక్కర్లేదు గానీ యాంటెనాతో కలిపి 36 డీబీఎం (పవర్ కొలత) దాటకూడదు. 25 డీబీఐ (యాంటెనా బలం) డిష్ పెడితే రేడియో పవర్ 11 డీబీఎం. 5 కిలోమీటర్ల దారిలో సుమారు 122 డీబీ పోతుంది. 11+25+25-122 వేస్తే -61 డీబీఎం. ఈ అంకెను పోల్ మీదే పెయింటుతో రాయండి. డిష్ తిప్పి చూసినప్పుడు దీనికన్నా బాగా తక్కువ దగ్గరే ఆగితే, పక్క లోబ్ (అసలు కిరణం పక్కన ఉండే బలహీన కిరణం) మీద గురి కుదిరి ఉండొచ్చు. మొదట కనబడ్డ సిగ్నల్ శిఖరాన్ని నమ్మకుండా అటూ ఇటూ వెడల్పుగా తిప్పి అసలు శిఖరం పట్టుకోండి. పవర్ పెంచి లోపాన్ని కప్పిపుచ్చొద్దు.

2. పోల్, క్లాంపు

రెండంగుళాల మందపాటి జీఐ పైపు వాడండి. మిద్దె మీద 3 మీటర్లు దాటితే మూడు వైపులా స్టే వైర్లు తప్పనిసరి. పిట్టగోడ ఇటుకలకు మేకులు కొట్టి పైపు నిలబెడితే ఆషాఢం గాలులకు ఆగదు. 40 సెంటీమీటర్ల డిష్ నాలుగైదు డిగ్రీలు తిరిగితే సిగ్నల్ సగానికి పడుతుంది. నట్ల కింద స్ప్రింగ్ వాషర్లు వేసి, బిగించాక క్లాంపు మీదుగా పైపు మీదికి ఒకే పెయింటు గీత గీయండి. గీత విరిగి కనబడితే డిష్ తిరిగినట్టే. పైపు ఎత్తేటప్పుడు జారిపడినా తగలనంత దూరంలో 11 కేవీ లైన్లు ఉండాలి. మబ్బు పట్టిన రోజు పోల్ ఎక్కొద్దు.

3. కేబుల్

చౌక కేబుల్ దగ్గరే ఎక్కువ లింకులు చస్తాయి. రాగి పూత పూసిన అల్యూమినియం కేబుల్ ధరలో తక్కువే గానీ దాని నిరోధం రాగికంటే సగానికిపైగా ఎక్కువ. 24 వోల్టుల పీఓఈ (నెట్ కేబుల్ గుండానే ఇచ్చే కరెంటు) మీద 0.4 ఆంప్ తీసుకునే రేడియోకు 100 మీటర్ల స్వచ్ఛ రాగి కేబుల్లో దాదాపు 3.5 వోల్టులు పడిపోతే, అల్యూమినియం దానిలో 5 వోల్టులు దాటుతుంది. మధ్యాహ్నం వేడికి నిరోధం ఇంకా పెరిగి రేడియో రీబూట్ అవుతుంటుంది. అందుకని ఎండకు తట్టుకునే నల్ల పొర, షీల్డు ఉన్న స్వచ్ఛ రాగి ఔట్‌డోర్ కేబులే కొనండి. ఇండోర్ కేబుల్ పొర ఎండకు పగులుతుంది.

కేబుల్ రేడియోలోకి కింది నుంచే ఎక్కాలి. దానికి ముందు జానెడు వంపు కిందికి వేలాడనిస్తే నీరు అక్కడే చుక్కలుగా రాలిపోతుంది. బయటి జాయింట్లకు తమలో తాము అతుక్కునే రబ్బరు టేపును కింది నుంచి పైకి సగం సగం మడత పడేట్టు చుట్టి, పైన నల్ల పీవీసీ టేపు వేయండి. పైనుంచి కిందికి చుడితే మడతల్లోంచి నీరు లోపలికి పోతుంది. పుల్లటి వాసన వచ్చే సిలికాన్ వాడొద్దు, అందులోంచి వచ్చే ఆమ్లం రాగిని తింటుంది. వేడికి, ఎండకు బిరుసెక్కి తెగే మామూలు తెల్ల కట్టు పట్టీల బదులు ఎండ తట్టుకునే నల్లవి కట్టండి.

4. ఎర్తింగు

రాయలసీమ బండనేలలో 3 మీటర్ల రాడ్ దిగకపోతే అర మీటరు లోతు కందకంలో 10–15 మీటర్ల జీఐ పట్టీని పడుకోబెట్టి, చుట్టూ బెంటొనైట్ (తడిని పట్టి ఉంచే బంకమట్టి) నింపండి. ఉప్పు వేయొద్దు, అది ఇనుమును తింటుంది, వానలకు కొట్టుకుపోతుంది. ఎర్త్ టెస్టర్‌తో కొలిస్తే 10 ఓమ్‌ల లోపు రావాలి. కొలవడం మే నెలలోనే. వానలు పడ్డాక నేల తడిసి అంకె అందంగా కనబడుతుంది.

మాస్ట్ (పోల్) ఎర్తింగు, ఇంటి కరెంటు ఎర్తింగు వేర్వేరుగా వదలొద్దు. రెంటినీ లావు తీగతో కలపండి. లేకపోతే పిడుగు దగ్గర పడినప్పుడు ఆ రెండు ఎర్త్ గుంతల మధ్య వోల్టేజీ తేడా కేబుల్ గుండా స్విచ్చులో దూరుతుంది. సర్జ్ ప్రొటెక్టర్లు (వోల్టేజీ పోటును నేలకు మళ్లించేవి) రెండు: రేడియో దగ్గర ఒకటి, ఇంట్లోకి ప్రవేశించే చోట ఒకటి. వాటి ఎర్త్ తీగ పొట్టిగా, వంపులు లేకుండా ఉండాలి. పిడుగు నేరుగా మాస్ట్ మీదే పడితే ఏ ప్రొటెక్టరూ కాపాడదు. ఇదంతా దగ్గర్లో పడే పిడుగుల కోసం.

5. కరెంటు

మూడు రేడియోలు, ఒక స్విచ్ కలిపి 34 వాట్లనుకుంటే 24 వోల్టుల మీద 1.4 ఆంప్. 8 గంటల కోతకు 11–12 ఆంప్-అవర్ (ఏహెచ్) కావాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడకూడదు కాబట్టి 26 ఏహెచ్‌వి రెండు 12 వోల్టులవి సిరీస్‌లో పెట్టండి. ఛార్జర్ ఇచ్చే 27–28 వోల్టులను రేడియో తట్టుకుంటుందో లేదో డేటాషీట్‌లో చూడండి. 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకు బ్యాటరీ ఆయుష్షు సగమవుతుంది. మన ఎండల్లో రేకుల పెట్టె మిద్దె మీద పెడితే అది త్వరగా చస్తుంది. కింద గదిలో పెట్టండి. రంధ్రాలకు సన్నని వల బిగిస్తే కందిరీగలు, చీమలు దూరవు.

6. ఏ సమయంలో తెగుతుందో చూడండి

వానలో తెగితే వానను తప్పుపట్టకండి. గంటకు 50 మిల్లీమీటర్ల వాన కురిసినా 5 కిలోమీటర్లకు తగ్గేది 2 డీబీ లోపే. పోర్టు 100 నుంచి 10 మెగాబిట్లకు పడినా, సీఆర్‌సీ తప్పులు (దారిలో పాడైన డేటా లెక్క) పెరిగినా జాయింటులో నీరుంది. రెండు పోలరైజేషన్ల (నిలువు, అడ్డం తరంగాల) మధ్య తేడా 4 డీబీ దాటితే ఒక కనెక్టర్ చెడింది. మధ్యాహ్నం తెగితే వేడి, వోల్టేజీ. సాయంత్రం తెగితే పక్కవాళ్ల రేడియోల ఇంటర్‌ఫియరెన్స్, స్కాన్ చేసి ఛానల్ మార్చండి. 5250–5350, 5470–5725 మెగాహెర్ట్జ్‌లలో రాడార్ కనబడితే రేడియో తానే ఛానల్ వదిలేస్తుంది, ఆ సంగతి లాగ్‌లో ఉంటుంది.

మార్చిలో ఒకసారి, సెప్టెంబరు మొదట్లో ఒకసారి ప్రతి పోల్ ఎక్కి క్లాంపు గీత, టేపు, ఎర్త్ బోల్టు చూడండి. సిగ్నల్‌ను పోల్ మీద రాసిన అంకెతో పోల్చండి. 3 డీబీ తగ్గితే, కస్టమర్ ఫోన్ చేయకముందే కారణం వెతకండి.