క్వారీ పక్క పొలమా? మట్టి సంగతి ఎర్రలనే అడగండి

క్వారీ పక్కన పొలం ఉంటే దుమ్ము గురించి, ఎగిరిపడే రాళ్ల గురించి అందరం గొడవపడతాం కానీ బ్లాస్టింగ్ మందు గురించి ఎవరూ మాట్లాడరు. చాలాచోట్ల వాడేది అమ్మోనియం నైట్రేట్‌కి డీజిల్ పట్టించిన మందు, వంద కిలోల్లో దాదాపు 94 కిలోలు నైట్రేటే. పూర్తిగా పేలితే నైట్రేట్ పెద్దగా మిగలదు. నింపేటప్పుడు ఒలికిందీ, తడిసి పేలకుండా ఉండిపోయిందీ వానకి కరిగి దిగువ చేలోకి దిగుతుంది. అందుకే గట్టు పక్క వరి నల్లగా ఏపుగా ఉందని మురిసిపోకండి, అది యూరియా ఎక్కువైన చేను లాంటిదే, సుడిదోమ ముందు దానికే పడుతుంది.

క్వారీ నీళ్లకి మీ మట్టి చెడిందేమో ఎర్రలతో (వానపాములతో) ఇంట్లోనే చూసుకోవచ్చు, చెడిన మట్టిని వదిలి అవి పక్క మట్టిలోకి పోతాయి. దానికోసం మట్టి తీయడానికి వెళ్లినప్పుడు తూటా ముక్కలు, రంగు వైర్లు, తెల్ల గుళికలు కనిపిస్తే ముట్టుకోకుండా వెనక్కి వచ్చి పోలీసులకి చెప్పండి.

క్వారీ నీళ్లు దిగేచోట జానెడు లోతు మట్టి, అదే రకం మట్టి ఆ నీళ్లు తగలని చోట నుంచి ఇంకొంత తీసుకోండి. అదే రకం అని ఎందుకంటున్నానంటే, మొదటిసారి నేను ఎర్రమట్టికి నల్లరేగడి జత పెట్టాను, ఎర్రలన్నీ రేగడిలోకి పోయాయి, రెండు రోజులు ఊరికే టెన్షన్ పడ్డాను.

ప్లాస్టిక్ టబ్బు మధ్యలో అట్ట నిలబెట్టి చెరో పక్కా ఒక మట్టి పోసి, రెండూ ఒకేలా తడిపి, అట్ట తీసేసి ఆ గీత మీద వర్మీకంపోస్టు ఎర్రలు పది వదలండి. చిల్లుల మూత పెట్టి నీడలో ఉంచి, 48 గంటలకి మళ్లీ అట్ట దించి లెక్కపెట్టండి. ఒక్క టబ్బు చాలదు, కనీసం మూడు పెట్టండి. అన్నిట్లోనూ క్వారీ పక్క మట్టిలో ఒకటీ అరా మాత్రమే మిగిలితే అనుమానించాల్సిందే.

పక్కనే రెండు ట్రేల్లో చెరో మట్టి పోసి ఇరవయ్యేసి పెసలు వేయండి. వారానికి పీకి చూస్తే మొలకల సంఖ్య సమానంగానే ఉండొచ్చు, తేడా వేరులో తెలుస్తుంది, చెడిన మట్టిలో అయితే: పొట్టిగా, కొన గోధుమరంగుకి తిరిగి, పిల్లవేర్లు లేకుండా.

కారణం నైట్రేటా, డీజిలా, ఉప్పా అన్నది ఎర్రలు చెప్పవు, దానికి ల్యాబే దిక్కు. మిలిటరీ కాల్పుల రేంజ్‌ల దగ్గర టీఎన్‌టీ, ఆర్‌డీఎక్స్ అనే పేలుడు మందుల కథ వేరు. మొదటిది ఎక్కువగా వేర్లలోనే ఇరుక్కుంటుంది, రెండోది నీటితోపాటు ఆకులదాకా ఎక్కుతుంది, ఇంట్లో తేలే పని కాదు.

బోరు నీళ్లు కూడా ల్యాబుకివ్వండి. నైట్రేట్ లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటితే పసిపిల్లల పాలలో ఆ నీళ్లు కలపకండి, కాచినా పోదు, ఇంకా చిక్కబడుతుంది.